జాలీ తలుపు

కుక్క విమానమెక్కాలంటే మనిషికన్నా ఎక్కువ కాగితాలు కావాలని పెట్టెల మేస్త్రి అంటూ ఉండేవాడు. నవ్వించడానికే అనేవాడు గాని అందులో అబద్ధమేమీ లేదు. పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించినట్టు చీటీ కావాలి. ఆ టీకా పడి ఇరవై ఒక్క రోజులు దాటి ఉండాలి. పశువుల డాక్టరు రాసిచ్చే ఆరోగ్య పత్రం పది రోజులకన్నా పాతదైతే చెల్లదు. ఇవన్నీ సమకూరాక పెట్టె. పెట్టె మాట వచ్చేసరికి మేస్త్రి నవ్వు మానేసేవాడు. లోపల కుక్క నిలబడితే చెవులు కప్పుకి తగలకూడదు. చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. మనకిచ్చే సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే దీనికి మాత్రం రాజభోగమా అని ఎవరైనా వేళాకోళమాడితే, టిక్కెట్టు కొన్నవాడు నోరు విప్పి అడగగలడు, ఇది అడగలేదు గదా అనేవాడు.

విమానాశ్రయం సరుకుల గేటుకి ఎదురుగా రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా అతనిదదే పని. షెడ్డు వెనక రెండు గదుల్లో కాపురం. అతని పెట్టెకి నాలుగు వైపులా గాలి కంతలుండేవి, ముక్కు గాని పంజా గాని దూరనంత సన్నవి. ప్లాస్టిక్ గొళ్ళేలు చచ్చినా వాడేవాడు కాదు, మూల మూలకీ బోల్టులే. తలుపుకి కడ్డీకి కడ్డీ అతికిన గట్టి ఇనుప జాలీ వేసి, చుట్టూ పట్టీ పెట్టి బిగించేవాడు. గేటు దగ్గర పెట్టెలు పరీక్షించే గుమాస్తా మిగతావాళ్ళ పెట్టెల్ని పట్టుకుని ఊపేవాడు, బూటుతో తన్ని చూసేవాడు. మేస్త్రి పెట్టె అయితే జేబులోంచి టేపు కూడా తీసేవాడు కాదు.

మేస్త్రికి పనిలో తోడు బావమరిది. ముప్పై దాటినవాడు, ఆరేళ్ళుగా అక్కా బావల దగ్గరే ఉంటున్నాడు. చెయ్యి చురుకైంది, మనసు మెత్తనిది. ఎవరైనా బతిమాలితే కాదనలేడు. అడిగితే ఒంటిమీద చొక్కా కూడా విప్పిచ్చే రకమని అక్క మురిపెంగానూ తిట్టేది, విసుగ్గానూ తిట్టేది.

మేస్త్రి జ్వరంతో మంచం దిగలేని వారంలో క్రేను డ్రైవరు వచ్చాడు. ఓడరేవులో పని చేసేవాడు, తాటిచెట్టంత మనిషి. వేరే దేశపు రేవులో ఉద్యోగం దొరికింది. పెళ్ళాం ఎప్పుడో విడిచిపోయింది. మిగిలింది ఎనిమిదేళ్ళుగా అతని మంచం కాళ్ళ దగ్గర పడుకునే కుక్క ఒకటే, నలభై రెండు కిలోలది. దాన్ని పెద్దోడా అని పిలిచేవాడు. ఎక్కడో చేయించుకున్న పెట్టె చిన్నదైందని గేటు గుమాస్తా ఆ పొద్దునే తిప్పి పంపాడు. డాక్టరు కాగితానికి మర్నాటితో పది రోజులు నిండుతాయి. మర్నాడు పొద్దున్నే విమానం.

బావమరిది చూస్తే గట్టి జాలీ అయిపోయింది. కొత్త చుట్ట ఎల్లుండి గాని రాదు. కుదరదని చెప్పాడు. డ్రైవరు ప్లైవుడ్ దొంతర మీద కూలబడి కుక్క మెడ మీద తలానించుకున్నాడు. కాసేపటికి బావమరిదే లేచి, రాత్రికల్లా బావ చేత చేయించి ఉంచుతానని చెప్పి అతన్ని పంపేసి, చిలకల పంజరాలకి వాడే పల్చటి జాలీ తీశాడు. రెండు మడతలు వేస్తే సరిపోతుందనుకున్నాడు. దానికి బోల్టులు పట్టవు గనక స్టేపుల్ పిన్నులు కొట్టి, అవి కనపడకుండా పైన చెక్క పట్టీ వేసి నున్నగా రుద్దాడు. చూసినవాడికి అచ్చం బావ పనిలాగే ఉంది. పక్క గదిలో జ్వరంతో మూలుగుతున్న బావకి ఆ సంగతి చెప్పలేదు. రాత్రి పెట్టె తీసుకెళ్ళడానికొచ్చిన డ్రైవరుకి మాత్రం ఒక మాట రెండుసార్లు చెప్పాడు: నిద్రమాత్ర వెయ్యకు, విమానం వాళ్ళు ఒప్పుకోరు, మత్తులో కుక్క ఊపిరి తీసుకోలేదు, తెలివొస్తే బెదిరిపోతుంది. డ్రైవరు అలాగేనని తలూపాడు.

పొద్దున గేటు గుమాస్తా పెట్టెని చూసి, ఎవరు చేశారని అడిగి, మేస్త్రి అనగానే ముద్ర కొట్టేశాడు.

తొమ్మిది కావస్తుండగా పెట్టె ట్రాలీ మీద విమానం పొట్ట కింద నిలిచి ఉంది. అప్పటిదాకా కుక్క చచ్చినట్టు పడుంది. పక్క విమానం ఇంజను ఒక్కసారిగా మోగేసరికి లేచి, కాళ్ళు తడబడి, తల గోడకి కొట్టుకుంది. తర్వాత జాలీని నోట పట్టింది. సన్నటి తీగలు పళ్ళ కింద తెగి పెదాల్లో గుచ్చుకున్నాయి. అది వదల్లేదు. పిన్నులు ఒక్కొక్కటే ఊడాయి. తలుపు వేలాడింది.

రెండు బారల దూరంలో ఒక లోడరు వంగి సంచులెత్తుతున్నాడు. బక్కపల్చటి మనిషి. ఇంజన్ల మోత వినపడకుండా చెవులకి డిప్పలు పెట్టుకున్నాడు. తోటివాళ్ళ కేకలు అతనికి వినపడలేదు. పక్కనేదో కదిలినట్టై మొహం తిప్పాడు. తిప్పిన మొహం ఎడమ చెంప కుక్క నోట్లోకి వెళ్ళింది. నలభై రెండు కిలోలూ ఆ చెంపకి వేలాడాయి. మనిషి వెల్లకిలా పడ్డాడు. అది తల విదిలించినప్పుడల్లా అతని తల కాంక్రీటుకి కొట్టుకుంది. ఒకడు ట్రాలీలు తగిలించే ఇనుప కడ్డీతో కొట్టాడు. ఇంకొకడు చక్రాలకి అడ్డం పెట్టే కొయ్య దిమ్మతో దాని వెన్ను మీద మోదాడు. మూడో దెబ్బకి గాని పట్టు వదల్లేదు. వదిలాక కూడా అక్కడ చేరిన నలుగురూ ఆపలేదు. అది పాక్కుంటూ విమానం కిందికి పోబోతే కాళ్ళు పట్టి వెనక్కి లాగి మరీ కొట్టారు.

అదంతా కిటికీ పక్క సీట్లోంచి క్రేను డ్రైవరు చూశాడు.

అతను లేచి తలుపు దగ్గరికి పోయాడు. అడ్డమొచ్చిన విమానం సిబ్బంది కుర్రాణ్ణి రొమ్ము మీద చెయ్యి వేసి తోస్తే, వాడు తూలిపడి నుదురు సామాను అర అంచుకి తగిలి చీలింది. కాపలావాళ్ళు ముగ్గురు చేతులు విరిచి పట్టి కిందికి దించారు. అప్పటికే కుక్క మీద టార్పాలిన్ కప్పేశారు. అతను ఆ గుడ్డ ఒక కొస ఎత్తి చూసి మళ్ళీ కప్పాడు. గదిలో కూర్చోబెట్టి రెండు గంటలు అడిగినవే అడిగారు. మళ్ళీ పిలిస్తే రావాలని రాయించుకుని వెనక గేటులోంచి పంపేశారు. దారిలో గోడవారకి విసిరేసి ఉంది పెట్టె తలుపు. దాన్ని చేత్తో పట్టుకుని నడిచాడు. ఎవరూ ఆపలేదు.

జ్వరం తగ్గి మేస్త్రి పనిలోకి దిగిన మొదటి రోజది. బల్ల దగ్గర ఒక పలక అంచు చిత్రిక పడుతున్నాడు. బావమరిది వెనకాల రంపం మిషను మీద ఉన్నాడు. క్రేను డ్రైవరు లోపలికొచ్చి తలుపుని బల్ల మీద పడేశాడు. తెగిన తీగల్లో ఒక పన్ను ముక్క ఇరుక్కుని ఉంది.

"ఇది నీ షెడ్డులో చేసిందేనా?"

మేస్త్రి తలుపుని దగ్గరికి లాక్కున్నాడు. ఊడిన చెక్క పట్టీ కింద వరసగా పిన్నుల కంతలు. జన్మలో తను ఒక పెట్టెకి పిన్ను కొట్టి ఎరగడు. వెనకాల రంపం ఆగింది. మేస్త్రి తల తిప్పి చూడలేదు. చూస్తే వచ్చినవాడు కూడా అటే చూస్తాడని తెలుసు.

"నా షెడ్డులోదే," అన్నాడు.

మొదటి దెబ్బకి దవడ పక్కకి పోయింది. రెండోదానికి రంపపు పొట్టులో పడ్డాడు. డ్రైవరు అతన్ని చొక్కా పట్టి లేపి, పేర్చిన ప్లైవుడ్ మీదికి విసిరాడు. లేపి మళ్ళీ విసిరాడు. తిట్టలేదు, అరవలేదు. బస్తాలు మోసేవాడిలా దీక్షగా కొట్టాడు. జ్వరం పడి లేచిన ఒళ్ళు గనక మేస్త్రి చేతులు పైకి కూడా లేవలేదు. బావమరిది మిషను దగ్గరే కొయ్యబారిపోయాడు. నేను చేశాను, నన్ను కొట్టు అనాల్సింది గాని అనలేకపోయానని తర్వాత అతనే చెప్పాడు.

చప్పుడుకి మేస్త్రి భార్య వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చి డ్రైవరు చేతికి వేలాడింది. అతను చెయ్యి విదిలించాడు. ఆమె పోయి బల్లకి బిగించి ఉన్న ఇనుప పట్టకారు మీద పడింది. నుదురు పగిలి రక్తం కళ్ళలోకి కారింది. డ్రైవరు అటు చూడనైనా లేదు. మేస్త్రి కుడి చేతిని బల్ల మీద పరిచి, మణికట్టుని మోచేత్తో అదిమి, కొయ్యసుత్తి అందుకున్నాడు.

"ఈ చేత్తోనేనా చేశావు?"

సమాధానం కోసం ఆగలేదు. నాలుగు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బకి మేస్త్రి పెట్టిన కేక గేటు దాకా వినపడింది. తర్వాతి మూడింటికీ కేక లేదు. ఎముకలు నలిగే చప్పుడే ఉంది.

అయిదో దెబ్బకి సుత్తి ఎత్తినప్పుడు బావమరిది కదిలాడు. గోడకి తగిలించిన ఉలుల్లోంచి అంగుళం వెడల్పుది లాగి, పక్కనుంచి వచ్చి, డ్రైవరు పక్కటెముకల కింద దించాడు. లాగి మళ్ళీ దించాడు. రెండోసారి పిడి దాకా దిగింది. డ్రైవరు సుత్తిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, పొట్టులో చతికిలబడ్డాడు. ఆ మనిషి కూర్చున్నా, బల్ల మీదికి వాలిపోయిన మేస్త్రి భుజం దాకా ఉన్నాడు.

బావమరిది మళ్ళీ పిడి మీద చెయ్యి వేశాడు.

"తియ్యకు," అన్నాడు మేస్త్రి. దవడ కదలక మాట ముద్దగా వచ్చింది. "తీస్తే చస్తాడు. దాన్నలాగే ఉండనీ."

అతను బల్ల మీదనుంచి కిందికి జారి, నలిగిన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో గుడ్డ పీలిక మొదటి పోటు మీద అదిమి పట్టాడు. డ్రైవరు రక్తం అతని వేళ్ళ సందుల్లోంచి వేడిగా వచ్చింది. భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను చేసింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ ఇద్దరు మగవాళ్ళూ ఒకరి నిశ్వాసం ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. బావమరిది పారిపోలేదు. వెనక దొడ్లో కర్రల మోపుల మధ్య కూర్చుని ఉంటే పోలీసులు లేపి తీసుకుపోయారు.

విమానాశ్రయానికి దగ్గర్లో ఆసుపత్రి ఒకటే. గాయాల వార్డు కూడా ఒకటే. మేస్త్రికి తెలివి వచ్చేసరికి చేతిలో ఇనుప పుల్లలు గుచ్చి కట్టు కట్టారు. అవతలి మంచం మీద పొట్టలోంచి గొట్టాలతో క్రేను డ్రైవరు ఉన్నాడు. అడుగున్నర పేగు తీసేశారు. కిటికీ దగ్గర మంచం మీద ఒక మనిషికి మొహమంతా కట్టే, కుడి కన్ను మాత్రం కనపడుతోంది. అతనే లోడరని నర్సు చెప్పింది. పక్కన అతని తల్లి కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడుగుతోంది, ఆ పెట్టె చేసిందెవరు బాబూ అని. ఎవరూ చెప్పలేదు. మేస్త్రి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పోలీసు వాంగ్మూలం తీసుకుంటాడనగా భార్య వచ్చింది. నుదుటి మీద ఏడు కుట్లు. మంచం పక్కన వంగి చెవిలో చెప్పింది. వాడు మనల్ని చంపడానికొచ్చాడు, తమ్ముడు అడ్డుకున్నాడు, అంతవరకు చెప్పండి చాలు. అది నిజమే కదా. జాలీ మాట ఎత్తితే రెండు నేరాలవుతాయి, లోడరు గాయం కూడా తమ్ముడి నెత్తినే పడుతుంది. మేస్త్రి అన్నీ విని కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అందుకే అతనికి రాత్రంతా కంటి మీద కునుకు రాలేదు.

పోలీసు వచ్చి కుర్చీ లాక్కుని, మెల్లగా చెప్పండి, నేను రాసుకుంటానన్నాడు. మేస్త్రి మెల్లగా చెప్పలేదు. కిటికీ దాకా వినపడేట్టు చెప్పాడు. పెట్టె తన షెడ్డుది. తను జ్వరంతో పడుంటే బావమరిది చేశాడు. గట్టి జాలీ లేక పంజరం జాలీ వేశాడు, బోల్టులకి బదులు పిన్నులు కొట్టాడు, అవి కనపడకుండా పట్టీ వేశాడు. తను ఉంటే ఆ పెట్టె షెడ్డు దాటేది కాదు. ఆ తర్వాత కొట్టడం, సుత్తి, ఉలి, అన్నీ జరిగిన వరసలోనే చెప్పాడు. బావమరిది ఉలి తియ్యకపోతే తన రెండో చెయ్యి కూడా ఉండేది కాదని కూడా చెప్పాడు. లోడరు తల్లి కుర్చీలోంచి లేచి, మంచం దాకా వచ్చి, మేస్త్రి మొహాన్ని చాలాసేపు చూసి, వెనక్కి పోయి కూర్చుంది.

అప్పుడు క్రేను డ్రైవరు గొట్టాల మధ్యనుంచి పోలీసుని పిలిచాడు.

"నాదీ రాసుకోండి. మాత్ర నేను వేశాను."

ఏం మాత్రని పోలీసు అడిగాడు.

"నిద్రమాత్ర. తెల్లారగట్ల ఒకటిన్నర మాత్ర వేశాను, మాంసంలో పెట్టి. ఈయన బావమరిది వద్దన్నాడు, రెండుసార్లు చెప్పాడు. పెద్దోడికి చీకట్లో ఒంటరిగా ఉండటం భయం. నిద్రలోనే పోయి నిద్రలోనే దిగుతాడనుకున్నాను." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎక్కేటప్పుడు సంతకం కూడా పెట్టాను, మత్తు ఏదీ ఇవ్వలేదని."

అతను ఏడుస్తుంటే పొట్ట కుట్లు లాగి, నర్సు వచ్చి సూది వేయాల్సి వచ్చింది.

కోర్టులో క్రేను డ్రైవరు అదే మాట మీద నిలబడ్డాడు. ముందు చెయ్యెత్తింది తనేనని, తను ఆగేవాణ్ణి కాదని చెప్పాడు. అతనికి ఎనిమిది నెలలు వేశారు. బావమరిదికి రెండున్నరేళ్ళు పడింది, అందులో ఆరు నెలలు జాలీకి. పెట్టెని పరీక్షించకుండానే ముద్ర కొట్టినందుకు గేటు గుమాస్తా ఉద్యోగం పోయింది. మేస్త్రి ఇంటికి చేరిన రోజున భార్య అన్నం వడ్డించి, ఎదురుగా నిలబడి ఒక్క మాట అంది.

"మీకోసం పొడిచాడు వాడు. మీరే పట్టించారు."

అదే ఆఖరు. తర్వాత నాలుగు నెలలు ఆ ఇంట్లో గిన్నెలు చప్పుడు చేశాయి గాని ఆమె నోరు మెదపలేదు. మేస్త్రి బతిమాలలేదు. పుల్లలు తీశాక చేతిలో మూడు వేళ్ళు వంగడం మానేశాయి. షెడ్డులో సగం చేసిన పెట్టెలు ఏడు అలాగే ఉండిపోయాయి. రోజూ వెళ్ళి వాటి మధ్య కూర్చునేవాడు. ఎడమ చేత్తో సుత్తి పట్టి చూసేవాడు, మేకు వంకరపోయేది, పీకేవాడు.

ఒక మధ్యాహ్నం లోడరు వచ్చాడు. మేస్త్రి మొదట పోల్చుకోలేదు, ఆ మొహం కట్టు లేకుండా చూడటం అదే మొదలు. ఎడమ చెంప చర్మం తొడ మీదనుంచి తెచ్చి అతికారు. రంగు వేరేగా ఉంది. నోటి కొస మూతపడదు, కంటి రెప్ప సగం వాలి ఉంది. షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. గుమ్మం పక్కన ఆనించి ఉన్న పలుగు అందుకున్నాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. తన వంతు వచ్చిందనే అనుకున్నాడు.

లోడరు అతన్ని దాటి మొదటి పెట్టె మీద పలుగు వేశాడు. కప్పు చీలింది. మళ్ళీ వేశాడు. గోడలు విడిపోయాయి. బోల్టులు బిగించిన మూలలు ఊడకపోతే పలుగు దూర్చి పెళ్ళగించాడు. ఒక్కో పెట్టెకి పది పన్నెండు దెబ్బలు పట్టాయి. చెక్క పేళ్ళు ఎగిరి మేస్త్రి చెంపకి తగిలాయి. అతను కదల్లేదు. లోడరు జాలీ తలుపుల్ని మాత్రం పక్కకి లాగి, ఆఖర్న అన్నిటినీ ఒకచోట వేసి, బూటుకాలితో తొక్కుతూ పొడిచాడు. గొంతులోంచి ఏదో శబ్దం వస్తోంది గాని మాట కాదు.

మేస్త్రి భార్య వెనక గుమ్మంలో నిలబడి ఏడో పెట్టె పగిలేదాకా చూసింది. తర్వాత లోపలికి పోయింది. గదిలో ఒక పిల్లి పెట్టె ఉండేది, కొలత తప్పిందని మేస్త్రి పక్కన పడేస్తే ఆమె బట్టలు పెట్టుకునేది. బట్టలు మంచం మీద కుమ్మరించి, ఆ పెట్టెని రెండు చేతులా మోసుకొచ్చి లోడరు కాళ్ళ ముందు పెట్టింది.

"ఇదొకటి మిగిలింది," అంది.

లోడరు పలుగు ఎత్తాడు. ఒక్క దెబ్బే వేయగలిగాడు. పలుగు జారిపోయింది. చెక్కల మధ్య కూర్చుండిపోయాడు. ఆమె వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అతను తాగుతుంటే సగం నీళ్ళు మూతపడని కొసలోంచి మెడ మీదికి కారాయి. భుజంతో తుడుచుకుని, మళ్ళీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్ని పట్టుకునే కూర్చున్నాడు.

"మీ తమ్ముడు ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. మాట ఒకవైపునుంచే వస్తోంది.

రెండేళ్ళు పైన పడుతుందని ఆమె చెప్పింది.

"వచ్చాక ఒకసారి మా ఇంటికి పంపండి. నేనేమీ చెయ్యను. ఎదురుగా కూర్చుని నా మొహం చూసి పొమ్మనండి. కిందికి చూడకుండా."

ఆమె భర్త వైపు చూసింది. నాలుగు నెలల్లో అలా చూడటం అదే మొదటిసారి.

"ఈయన్ని కూడా తీసుకెళ్తాను," అంది.

లోడరు వెళ్ళాక ఇద్దరూ కలిసి చెక్కలు ఏరి దొడ్లో వేశారు. మేస్త్రి ఎడమ చేత్తో ఎత్తలేని పలకలకి ఆమె రెండో కొస పట్టుకుంది. మళ్ళీ ఎవరైనా పెట్టె కావాలని వస్తే ఆ పని మానేశామని ఆమే గుమ్మంలో నిలబడి చెప్పేది.